కొండమీది సేవకులను చూపించి ఏం నేర్చుకోమంటున్నాం?

తిరుపతి చుట్టుపక్కల కంపెనీలలో సిబ్బందికి ఏ శిక్షణ తరగతి పెట్టినా, మధ్యాహ్నం భోజనాల వేళలోపు వక్త చెయ్యి ఒకసారైనా కొండవైపు తిరుగుతుంది. ఈమధ్య మా పర్యవేక్షకులకూ, లైనులో నుంచి ఎంపిక చేసిన కొందరు కార్మికులకూ కలిపి ఏర్పాటు చేసిన తరగతిలోనూ అదే జరిగింది. వచ్చినాయన మంచి మాటకారి. పైసా ఆశించకుండా ఎక్కడెక్కడి నుంచో వచ్చి, తెల్లవారుజామునే లేచి, చిరునవ్వుతో వడ్డించే శ్రీవారి సేవకులను చూసి నేర్చుకోమన్నారు. వారికి ఉన్నదీ మనకు లేనిదీ అంకితభావం ఒక్కటేనన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా వెనక వరుసలో కూర్చున్న, వైరు కొసకు లోహపు టెర్మినల్ నొక్కి బిగించే క్రింపింగ్ విభాగపు అమ్మాయి మాత్రం పక్కనున్న ఆమెతో, నాకు వినబడేటట్టే, "కొండమింద వారమే గదక్కా? వారమైతే ఎవురైనా నవ్వుకుంటానే చేస్తారు. యాడాది పొడుగునా చేసేదే కష్టం" అంది.

ఆ తరగతి మొత్తానికి అదే సరైన జవాబని అక్కడ కూర్చున్నంతసేపూ అనిపించింది. ఇంటికి వచ్చి ఆలోచిస్తే అది సగం జవాబే అనిపిస్తోంది. కొండమీది సేవకు, మేము రేణిగుంట దగ్గర షెడ్డులో వాహనాలకు వైర్ల కట్టలు, అంటే వైర్ హార్నెస్‌లు తయారు చేసే పనికి పోలిక లేదని కొట్టిపారేయడం తేలిక. పోలిక ఉంది. అయితే అది ఆ వక్త చూపించిన చోట లేదు.

అదే మనిషి, రెండు చోట్ల

మా వీధిలో ఒకాయన ఉన్నారు. ఏ కార్యాలయమో చెప్పను కానీ, అక్కడ ఆయన బల్లమీదికి చేరిన కాగితం మళ్ళీ కదలాలంటే నాలుగుసార్లు గుర్తు చేయాలని పేరు. ఆయనే ప్రతి ఏడూ సెలవు పెట్టుకుని, స్నేహితులతో కలిసి పేరు నమోదు చేసుకుని, నారింజరంగు కండువా వేసుకుని కొండమీద సేవకు వెళతారు. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఒక్కో హాలులో వెయ్యి మంది దాకా కూర్చుంటారు. ఒక బంతి లేచి ఆకులు తీసేలోపే మరో బంతి తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. ఆ వరుసల మధ్య సాంబారు బకెట్టుతో ఆయన నడిచే వేగాన్ని, ఒక పిల్లవాడు తల అడ్డంగా ఊపినా వంగి ఇంకొంచెం అన్నం పెట్టించుకొమ్మని బతిమాలే ఓపికను నేను కళ్ళారా చూశాను. కార్యాలయంలో ఆయన చేతికింద పనిచేసేవారు చూస్తే నమ్మరు.

అంకితభావం మనిషి గుణమే అయితే ఈయనకు అది ఉందా, లేదా? ఉందంటే సంవత్సరంలో మిగిలిన రోజులు ఎక్కడికి పోతోంది? లేదంటే ఆ వారం ఎక్కడి నుంచి వస్తోంది? దేవుడి మహిమ అని ఊరుకోవచ్చు, భక్తి పాత్రను నేను తక్కువ చేయడం లేదు. కానీ అదే భక్తి ఉన్న మనిషి కార్యాలయంలోనూ బల్లమీద స్వామివారి పటం పెట్టుకునే కూర్చుంటాడు కదా. రెండు చోట్లా మనిషీ ఒక్కడే, భక్తీ ఒక్కటే. మారింది పని అమరిక.

2000లో మొదలైన శ్రీవారి సేవలో ఆ అమరిక ఎలా ఉందో చూస్తే విషయం అర్థమవుతుంది. వచ్చినవారు తమంతట తాము పేరు ఇచ్చుకుని వచ్చినవారు. పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలుసు. ముగిశాక స్వామి దర్శనం ఉంది. ఇంటి దగ్గర జీతమో, వ్యాపారమో, పింఛనో ఉంది కాబట్టి ఆ వారం పొట్టకూటి దిగులు లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వడ్డించిన అన్నం ఎవరు తింటున్నారో కళ్ళెదుట కనబడుతుంది. వీటిలో ఒక్కటి కూడా సేవకుడు ఇంటి నుంచి మూటగట్టుకుని తెచ్చుకున్నది కాదు. 1985లో నిత్యాన్నదానం ప్రారంభమైన నాటి నుంచి క్రమంగా ఎవరో ఆలోచించి, తప్పులు దిద్దుకుంటూ కట్టిన వ్యవస్థ అది. కాబట్టి మా కార్మికులను సేవకులను చూసి నేర్చుకోమనడం కన్నా, మేనేజర్లు ఆ సేవను నడిపే పద్ధతిని చూసి నేర్చుకోవడం న్యాయం. నేను చెప్పదలచుకున్నది ఇంతే. అయితే ఇది చెప్పినంత సులువుగా షెడ్డులో అమలు కాదు, ఎందుకు కాదో కూడా చెప్పాలి.

ముందు జీతం సంగతి

మా క్రింపింగ్ అమ్మాయి అన్న మాటలోని బరువంతా ఇక్కడే ఉంది. వారం రోజుల సేవకు జీతం అక్కర లేదు, ఏడాది కొలువుకు కావాలి. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో తన సహచరులతో కలిసి, పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని ఇంజనీర్లు, అకౌంటెంట్లను దాదాపు రెండు వందల మందిని విచారించి, పనిలో అసంతృప్తి కలిగించేవి వేరు, సంతృప్తి కలిగించేవి వేరు అని తేల్చిన సంగతి మేనేజ్‌మెంట్ చదివినవారందరికీ తెలుసు. జీతం, పని పరిస్థితులు, కంపెనీ విధానాలు మొదటి జాబితాలోకి, సాధించామన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత రెండో జాబితాలోకి వచ్చాయి. శిక్షణ తరగతులలో దీనిని "జీతం పెంచితే ఉత్సాహం పెరగదు" అని కుదించి చెబుతారు. మొదటి జాబితా సరిగా లేకపోతే రెండోదాని ఊసెత్తడం వ్యర్థమన్న మిగతా భాగాన్ని మాత్రం ఎందుకో మరిచిపోతారు.

దసరాకో దీపావళికో ఇచ్చే బోనస్‌నే చూడండి. చట్టప్రకారం అర్హులైన కార్మికులకు కనీసం 8.33 శాతం ఇవ్వవలసిందే. కానీ అది ప్రకటించే సభలో మిఠాయి పెట్టెలు, వేదికమీద శాలువాలు, "మీ కుటుంబాల సంతోషం కోసం యాజమాన్యం అందిస్తున్న కానుక" అనే ఉపన్యాసం ఉంటాయి. చట్టప్రకారం రావలసినదాన్ని దయగా ఇస్తున్నామంటే, తీసుకునేవారికి లెక్క తెలియదనుకోవడం పొరపాటు. వారు మిఠాయి తింటారు, చప్పట్లు కొడతారు, బస్సులో ఆ ఉపన్యాసాన్ని అనుకరించి నవ్వుకుంటారు.

దీనికన్నా పెద్ద ముల్లు ఇంకొకటి. ఒకే బల్లకు అటు పర్మినెంటు, ఇటు కాంట్రాక్టు. ఇద్దరి చేతుల్లోనూ అదే వైరు, అదే టెర్మినల్. నెలాఖరున చేతికి వచ్చేది మాత్రం వేరు. ఈ తేడాను మా స్థాయి మేనేజరు ఎవరూ తీర్చలేరు. తీర్చలేని చోట ఉత్సాహం గురించి మాట్లాడకపోవడమైనా మర్యాద.

లెక్కకు డబ్బు కట్టితే

ఇక్కడొక ప్రతివాదం ఉంది. నేనే దానికి చాలాకాలం ఓటు వేసేవాణ్ణి. ఇన్ని మాటలెందుకు, ముక్కకింత అని కట్టిస్తే పని దానంతటదే నడవదా? చిత్తూరు జిల్లాలో పుట్టిపెరిగిన వాడికి ఈ ఆలోచన సహజంగానే వస్తుంది. తోతాపురి సీజనులో లెక్కకు ఇంతని ఒప్పుకున్నవారి చేతులకూ, రోజుకూలీకి వచ్చినవారి చేతులకూ వేగంలో ఉండే తేడా మా వైపు మామిడి గుజ్జు పరిశ్రమ గురించి వినివున్నవారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఎడ్వర్డ్ లాజియర్ అనే ఆర్థికవేత్త, కార్ల ముందరి అద్దాలు బిగించే ఒక అమెరికన్ కంపెనీ లెక్కలు పరిశీలించి 2000లో ప్రచురించిన పత్రం ఈ వాదానికి బలమైన ఆధారం. గంటకింత పద్ధతి నుంచి అద్దానికింత పద్ధతికి మారాక అక్కడ ఒక్కో మనిషి పని సుమారు 44 శాతం పెరిగింది. అందులో దాదాపు సగం మాత్రమే ఉన్నవారు వేగం పెంచడం వల్ల, మిగిలింది ఎక్కువగా చురుకైనవారు వచ్చి చేరి నిలవడం వల్ల వచ్చిందని ఆయనే విడదీసి చూపించాడు. కాబట్టి డబ్బుతో ఏదీ కదలదు అనే ఉపన్యాసాలను నేను నమ్మను.

అయితే కారు అద్దం సరిగా బిగించకపోతే బయటపడుతుంది, ఎవరు బిగించారో తెలుస్తుంది, మళ్ళీ వారే వెళ్ళి సరిచేయాలి. మా క్రింపింగ్‌లో ఆ సౌకర్యం లేదు. టెర్మినల్ రెక్కలు రాగితీగలను ఎంత గట్టిగా పట్టాలో అంతే పట్టాలి. ఒక పోగు బయటికి వచ్చినా, పైతొడుగు లోపల ఇరుక్కున్నా, చూపుకు బాగానే ఉంటుంది, తనిఖీ యంత్రంమీద కరెంటూ పారుతుంది. రెండు వానాకాలాలు గడిచాక ఎవరి బండికో దారిలో దీపం ఆరిపోతుంది. అది ఎవరి చేతిలో జరిగిందో అప్పటికి కనిపెట్టలేం. ఇలాంటి పనికి ముక్కకింత కడితే, అనుమానం వచ్చిన ముక్కను పక్కన పెట్టే అలవాటును మనమే డబ్బిచ్చి మాన్పించినట్టు. పైగా ఎడ్వర్డ్ డెసి 1971లో కళాశాల విద్యార్థులతో ముక్కలు కూర్చే చిక్కుముళ్ళ మీద చేసిన ప్రయోగంలో, పరిష్కారానికింత అని డబ్బు తీసుకున్నవారు, డబ్బు ఆగిపోయాక తీరిక సమయంలో వాటి జోలికి తక్కువగా వెళ్ళారు. ఆటలాంటి పనికీ షెడ్డు పనికీ పోలిక తీసుకురావడంలో నాకు సందేహం ఉంది కాబట్టి దానిని ఇక్కడితో వదిలేస్తాను.

నాలుగు మడతల అట్టపెట్టె

ఏ సిద్ధాంతం కన్నా నాకు ఎక్కువ నేర్పింది ఒక అట్టముక్క. క్రింపింగ్ ప్రెస్సును కాలితో తొక్కి నడుపుతారు. పొట్టిగా ఉన్న ఒకామెకు స్టూలుమీద కూర్చుంటే పెడల్ మునివేళ్ళకు మాత్రమే అందేది. ఆమె టెర్మినల్ రీళ్ళు వచ్చే అట్టపెట్టెను నాలుగు మడతలు పెట్టి, చుట్టూ గోధుమరంగు ప్యాకింగ్ టేపు చుట్టి, ఎడమకాలి కింద ఎత్తు కోసం పెట్టుకుంది. అది నలిగినప్పుడల్లా కొత్తది చేసుకునేది. షిఫ్టు అయ్యాక దానిని బల్ల వెనక దాచిపెట్టి వెళ్ళేది, ఎందుకంటే శుభ్రత తనిఖీకి వచ్చినవారు పారేస్తారు. పారేసినవారిలో ఎవరూ అదెందుకు అక్కడ ఉందని అడగలేదు.

కొత్తగా వచ్చిన ఒక మెయింటెనెన్స్ కుర్రవాడు అడిగాడు. స్క్రాపులో పడివున్న ప్లైవుడ్ ముక్క కోసి, కింద రెండు రబ్బరు ముక్కలు అంటించి, జారకుండా చేసి ఇచ్చాడు. భోజన విరామంలో అయిపోయిన పని. ఆ తర్వాత వారంలోనే ఆ లైను వాళ్ళు అతణ్ణి పిలిచి ఒక్కొక్కటీ చెప్పుకోవడం మొదలుపెట్టారు: ఫలానా ప్రెస్సు రాత్రి షిఫ్టులో వేడెక్కితే కొలత తప్పుతోంది, ఫలానా రీలు చివరి పది అడుగులు వంకరగా వస్తోంది, ఫలానా దీపం కింద నలుపు వైరుకూ ముదురు నీలానికీ తేడా తెలియడం లేదు. వీటిలో కొన్ని, నాణ్యత విభాగం సమావేశాల మీద సమావేశాలు పెట్టి వెతుకుతున్న సంగతులే. వారికి ముందు నుంచీ తెలుసు, చెబితే ఎవరూ ఏమీ చేయరని కూడా తెలుసు.

మా పర్యవేక్షకులలో కొందరు, పనివాళ్ళకు శ్రద్ధ లేదంటారు. శ్రద్ధ లేని మనిషి రోజూ అట్టపెట్టె మడిచి కాలికింద పెట్టుకోదు.

వడ్డించేవారికి తినేవారు కనబడాలి

అన్నప్రసాద భవనంలో ఉండి మా షెడ్డులో లేనిది, పని ఫలితం కంటికి కనబడటం. ఆడమ్ గ్రాంట్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన పరిశీలన ఇలాంటిదే. ఒక అమెరికన్ విశ్వవిద్యాలయానికి ఫోను మీద విరాళాలు అడిగే ఉద్యోగులలో కొందరికి, ఆ విరాళాలతో చదువుకుంటున్న ఒక విద్యార్థిని కొద్ది నిమిషాలు కలిపించారు. నెల తర్వాత వారు ఫోనులో గడిపిన సమయం 142 శాతం, తెచ్చిన విరాళాలు 171 శాతం పెరిగాయి. అంకెలు మరీ పెద్దవి, పాల్గొన్నవారు కొద్దిమంది. ఏ కంపెనీలోనైనా అంతే పెరుగుతుందని ఆశించడం అమాయకత్వం.

అయినా విషయం పరీక్షించదగినదే అనిపించి, మా హార్నెస్ అమర్చిన ద్విచక్ర వాహనాన్ని ఒకదాన్ని తెప్పించి, షెడ్డులో ముందరి దీపం కవచం విప్పి చూపించాం. కొన్నేళ్ళుగా ఆ హార్నెస్ చేస్తున్నవారిలో చాలామంది అది బండిలో ఎక్కడ కూర్చుంటుందో అప్పుడే మొదటిసారి చూశారు. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా వైర్ల కట్ట ఎంత గట్టిగా మెలిపడుతుందో ఒకామె చేత్తో తిప్పి తిప్పి చూసింది. "ఇంత మెలిపడతాదని తెలిస్తే ఈడ టేపు ఇంకో చుట్టు ఎక్కువ చుట్టిండే వాళ్ళం గదా సార్" అంది. డ్రాయింగులో అంతే ఉందని చెప్పబోయిన మా ఇంజనీరు ఆగి, ఆ చోటును ఫోటో తీసుకున్నాడు.

దీనివల్ల ఉత్పత్తి పెరిగిందా అంటే పెరగలేదు. మా లైను వేగం యంత్రాలు, సరుకు రాక నిర్ణయించేది, మనసు కాదు. అనుమానం వచ్చిన ముక్కలను పక్కన పెట్టడం మాత్రం పెరిగింది. అందువల్ల ఆ నెల మా అంకెలు కాస్త తగ్గినట్టు కూడా కనబడ్డాయి, పైవారికి వివరణ రాసుకోవలసి వచ్చింది. ఉత్సాహాన్ని రోజువారీ టార్గెట్ అంకెతో కొలిచే చోట ఇలాంటి ప్రయత్నం చేసిన మేనేజరుకే మొట్టికాయ పడుతుందని ఎవరూ తరగతులలో చెప్పరు.

జాతర సెలవులు

తరగతిలో వస్తుందని నేను చాలాసేపు ఎదురుచూసి, రాకుండానే ముగిసినందుకు ఆశ్చర్యపోయినది సెలవుల సంగతి. మా ప్రాంతంలో ఏ షెడ్డులోనైనా అసలు రాజకీయం సెలవులదే.

2022లో జిల్లా విడిపోయినా మా కంపెనీ బస్సుల్లో పాత చిత్తూరు జిల్లా మొత్తం కూర్చుని ఉంటుంది. మే నెలలో తిరుపతి గంగజాతర వస్తే ఊళ్ళోవారందరికీ సెలవు కావాలి, ఇంట్లో ఎవరికో వేషం మొక్కు ఉంటుంది, పొంగలి పెట్టాలి, చుట్టాలు దిగుతారు. శివరాత్రికి శ్రీకాళహస్తి వారు. ఆడికృత్తికకు నగరి, పుత్తూరు వైపువారు కావళ్ళతో తిరుత్తణికి కదులుతారు. వినాయక చవితికి కాణిపాకం వైపు నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటున్నవారు. కంపెనీ సెలవుల పట్టికలో వీటిలో సగానికి చోటుండదు. ఫలితంగా ఆ రోజులలో జ్వరాలు, అమ్మమ్మల మరణాలు ఎక్కువవుతాయి. హెచ్ఆర్ వారు హాజరు బహుమతి పెడతారు, తర్వాత జీతం కోత పెడతారు, తర్వాత ముందురోజు సాయంత్రం ఒక్కొక్కరినీ పిలిచి రేపు వస్తావా రావా అని అడుగుతారు. మొక్కు ఉన్న మనిషి రాదు, అబద్ధం చెప్పినందుకు మొహం చాటేసుకుని మరో రెండు రోజులు కూడా రాదు.

మా విభాగంలో ఒక లైను వరకు ఈ పట్టికను వారి చేతికే ఇచ్చాం. షరతు ఒక్కటే: ఏ రోజైనా లైను నడవడానికి కావలసినంత మంది ఉండాలి, ప్రతి యంత్రం మీదా పని తెలిసినవారు ఉండాలి. మిగతాది వారి ఇష్టం. వారు భోజనాల గదిలో కూర్చుని ఒక పాత క్యాలెండరు వెనకవైపు గళ్ళు గీశారు. గంటలోపే గొడవపడ్డారు, నాలుగో రోజుకు తేల్చారు. గంగజాతరకు తిరుపతివారు వెళితే కాళహస్తివారు నిలబడతారు, శివరాత్రికి తిరుపతివారు నిలబడతారు. ఏ జాతరా లేని ఇద్దరు క్రైస్తవ అమ్మాయిలు క్రిస్మస్ వారాన్ని ముందే రాయించుకున్నారు. కొత్తగా పెళ్ళయిన ఒకామెకు ఆ ఏడు రెండు ఊళ్ళ పండగలూ ఇచ్చారు, "మళ్ళేడు నుంచి ఒగటే" అన్న ఒప్పందంమీద. ఈ మినహాయింపు హెచ్ఆర్ నిబంధనలలో ఏ కాలమ్‌లోనూ పట్టదు. వారికి మాత్రం అందులో అన్యాయమేమీ కనబడలేదు.

ఇంకో సంగతి జరిగింది. ప్రతి యంత్రం మీదా పని తెలిసినవారు ఉండాలన్న షరతు వల్ల, తమ సెలవు కోసమే ఒకరికొకరు పని నేర్పుకోవడం మొదలుపెట్టారు. ఒకరికి రెండు మూడు పనులు రావాలని మేము పోస్టర్లు వేసి, పట్టికలు కట్టి చెప్పినంతకాలం ఎవరూ పట్టించుకోలేదు.

దీనికీ అభ్యంతరాలు ఉన్నాయి. గొంతున్నవారు పట్టికను తమవైపు లాక్కుంటారని మా పర్యవేక్షకుడు హెచ్చరించాడు. అది నిజమే, మాట్లాడని ఒకమ్మాయికి వరసగా రెండు పండగలు పోయాయి. లైను లీడరుగా ఉన్న అక్క అది గమనించి గట్టిగా మాట్లాడబట్టి సర్దుకుంది. ఆ అక్క లేకపోతే ఏమయ్యేదో నేను చెప్పలేను. అప్పగించి చేతులు దులుపుకుంటే చాలదు, ఎవరి పేరు ఎన్నిసార్లు పండగ రోజున డ్యూటీలో ఉందో చూస్తూ ఉండాలి. మేనేజరుకు మిగిలే పని అదే, ఉపన్యాసం కన్నా అది విసుగు పుట్టించే పని.

అందరికీ ఉత్సాహం ఉండాలా?

ఇంత చెప్పాక కూడా నాకు తీరని సందేహం ఒకటి ఉంది. మా టెస్టింగ్ బల్ల దగ్గర పనిచేసే ఒకామెను, బండి చూపించిన రోజున, నీకేమనిపించిందమ్మా అని అడిగాను. "బాగుండాది సార్. అయితే నాకు రెండింటికి బస్సు కదిలితే చాలు. బిడ్డ బడి నుంచి వచ్చేలోగా ఇంట్లో ఉండల్ల" అంది. ఆమె పనిలో తప్పు పట్టిన రోజు లేదు. సభలకు రాదు, సూచనల పెట్టెలో కాగితం వేయదు, ఓటీకి పేరు ఇవ్వదు. మా పత్రాలలో ఇలాంటివారిని "నిమగ్నత తక్కువ" అనే గడిలో వేస్తారు. పని సక్రమంగా చేసి, సమయానికి ఇంటికి వెళ్ళాలనుకునే మనిషి మనసును కూడా కంపెనీకి రాసివ్వమనడానికి మాకు ఏ హక్కు ఉందో నాకు అర్థం కాదు. ఆమె కోసం మేనేజరు చేయగలిగిన గొప్ప పని, రెండు గంటల బస్సును రెండు గంటలకే కదిలించడం. చివరి నిమిషంలో లెక్క తేలలేదని గేటు దగ్గర బస్సును ఆపే అలవాటు మాకుంది. దానిని మాన్పించడానికి రవాణా, భద్రత, ఉత్పత్తి విభాగాల మధ్య ఇప్పటికీ ఉత్తరాలు నడుస్తున్నాయి.

సెలవుల పట్టికలో ఇప్పటిదాకా కాంట్రాక్టు వారి పేర్లు లేవు, ఎందుకంటే వారి హాజరు కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. అంటే పర్మినెంటు వారి పండగ బరువు ఆ రోజులలో కాంట్రాక్టు వారిమీదే పడుతోందన్న మాట. ఈ సంగతిని మొదట ఎత్తిచూపినది కూడా లైను వాళ్ళే. ఈ ఆడికృత్తిక నుంచి కాంట్రాక్టు వారి పేర్లనూ అదే క్యాలెండరు గళ్ళలో రాసుకోవడానికి కాంట్రాక్టరు నోటిమాటగా ఒప్పుకున్నాడు. ఆ రోజున రానివారికి కూలి కట్టేది ఎవరన్న దగ్గర మాత్రం చర్చ ఆగి ఉంది.